మల్లుదొర దొరికిన చోట బోర్డు ఉందా?

పోస్టు పెద్దదే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మూడు రోజులు కూర్చుని రాశాను. మధ్యలో ఆపకుండా చదవండి, తప్పులుంటే కింద చెప్పండి, దిద్దుకుంటాను.

పోయిన వేసవిలో మా రూమ్మేట్ వాళ్ళ అక్క పెళ్ళికి కొయ్యూరు వైపు వెళ్ళాను. మాది చింతపల్లి అవతల, అటు వైపు నాకు కొత్త. దారిలో ఆటో పంక్చరైంది. డ్రైవర్ బాబాయ్ టైరు విప్పుతుంటే మేం రోడ్డు పక్కన చెట్టు కింద నిలబడ్డాం. అక్కడ ఒక బోర్డు. రేకు బోర్డు, ఒక మూల వంగిపోయి ఉంది, రంగు సగం పోయింది. దాని మీద నాలుగు లైన్లు. విషయం ఏంటంటే, 1924 మే 7న మంప దగ్గర అల్లూరి సీతారామరాజు గారు బ్రిటిష్ వాళ్ళకి పట్టుబడ్డారు, అదే రోజు కొయ్యూరులో కాల్చి చంపారు అని.

నేను ఫోటో తీసుకున్నాను. తీసుకుంటూ డ్రైవర్ బాబాయ్‌ని అడిగాను, "బాబాయ్, రాజుగారితో పాటు ఇంకెవరెవరు దొరికారు?" అని. ఆయన టైరు మీంచి తల ఎత్తకుండానే, "ఇంకెవరుంటారమ్మా, రాజుగారే కదా" అన్నాడు. ఆయన కూడా మనవాడే. మన ఇంటిపేరే.

ఆయన్ని ఏమీ అనలేను. ఎందుకంటే నా పరిస్థితీ అదే. డిగ్రీ మొదటి సంవత్సరంలో హిస్టరీ క్లాసులో రంప తిరుగుబాటు వచ్చిన రోజు, సార్ క్లాసంతా చూసి, "అల్లూరి అనుచరుల్లో ముగ్గురి పేర్లు చెప్పండి. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారుగా, వాళ్ళే చెప్పాలి" అన్నారు. ఏజెన్సీ నుంచి ఆ క్లాసులో నేనొక్కదాన్నే. లేచి నిలబడ్డాను. గంటం దొర అన్నాను. తర్వాత ఆగిపోయాను. వెనక బెంచీలో నవ్వారు. రెండో పేరు రాలేదు నాకు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే, మా చిన్నాన్న ఊరంతా చెప్పుకుంటాడు. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి అన్నం తినలేదు.

ఆ తర్వాత లైబ్రరీలో దొరికింది దొరికినట్టు చదివాను. ఇప్పుడు ఆ రెండో పేరు గురించే రాస్తున్నాను. గాం మల్లుదొర.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. పితూరీ. మనం "వాడు సార్‌కి పితూరీలు చెప్తాడు" అంటాం. అంటే చాడీలు, ఫిర్యాదులు. కానీ ఇంగ్లీషు వాళ్ళ కాగితాల్లో మన కొండల తిరుగుబాట్లన్నిటికీ ఇదే పేరు. రంప పితూరీ, గూడెం పితూరీ. 1879లో మొదలైన పెద్ద రంప పితూరీ జీలుగు, తాటి కల్లు మీద పన్ను వేసినందుకు, మునసబుదారు జులుం పెరిగినందుకు లేచింది. అప్పుడు ద్వారబంధాల చంద్రయ్య, తమ్మనదొర లాంటి వాళ్ళు పోరాడి చనిపోయారు. ఆ కాగితాల్లో వీళ్ళందరూ బందిపోట్లు, పితూరీదార్లు. మనిషి పేరు పక్కన ఆ ఒక్క మాట పడిందంటే ఇక అతన్ని ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకోవచ్చు.

ఒకే మాటకి ఫిర్యాదు అని, తిరుగుబాటు అని రెండు అర్థాలు ఎలా వచ్చాయా అని చాలా ఆలోచించాను. 1922కి ముందు జరిగింది చదివితే మన వరకు అర్థమైపోతుంది. మొదట ఫిర్యాదే చేశారు. ఎవరూ వినలేదు.

ఎవరి మీద ఫిర్యాదు? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి వైపు రోడ్డు వేయించింది ఇతనే. మనవాళ్ళని పనికి తోలుకొచ్చి, చెప్పిన కూలి ఇవ్వక, ఎదురు మాట్లాడితే కొట్టించాడు. ఇక్కడ ఆగండి ఒక్క నిమిషం. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు మనలో ఎంతమందికి తెలీదు? సంక్రాంతికి ఇంటికెళ్ళేటప్పుడు కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటాం కదా. లంబసింగి మంచు చూడ్డానికి టూరిస్టులు కార్లేసుకుని వచ్చే రోడ్డు కదా. ఆ రోడ్డుకి మొదట రాళ్ళు మోసింది మన ముత్తాతలు, ముత్తవ్వలు.

మా మామ్మకి చదువు రాదు, బాస్టియన్ పేరు కూడా తెలీదు. కానీ "రోడ్డు పనికి కబురొచ్చిందంటే మగాళ్ళు అడివిలోకి పోయి పడుకునేవోరంట" అని వాళ్ళ అత్త చెప్పిన మాట చెప్తుంది. పుస్తకంలో చదివినప్పటికంటే అది విన్నప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది.

రోడ్డు ఒక్కటే కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి రిజర్వు అయిపోయింది. పోడు కొడితే నేరం, కట్టెలు తెస్తే నేరం, పశువుల్ని తోలితే నేరం. అంతకుముందు ముఠాలుండేవి. కొన్ని ఊళ్ళు కలిపి ఒక ముఠా, దానికో ముఠాదారు. సర్కారుకి ఏడాదికి ఇంతని కట్టేవాడు, మిగతా వ్యవహారం వాళ్ళదే. (ముఠాదార్లందరూ మంచోళ్ళని నేను అనట్లేదు. మనల్ని పిండినవాళ్ళూ ఉన్నారు.) ఇంగ్లీషు వాళ్ళు వచ్చాక ఆ పదవులు ఊడబీకడం, ఇష్టమొచ్చిన వాళ్ళకి ఇవ్వడం మొదలైంది. గాం గంటం దొర బట్టిపనుకుల మునసబు. ఆ ఉద్యోగం పోయింది. ఆయన తమ్ముడే మల్లుదొర.

అంటే చూడండి, రాజుగారు రాకముందే ఈ అన్నదమ్ములకి ఒక తగాదా ఉంది, ఒక కారణం ఉంది. వాళ్ళ కోపం వాళ్ళ సొంతం. అందుకే "అనుచరులు" అనే మాట నాకు గొంతు దిగదు. రాజుగారు పాండ్రంగిలో పుట్టిన మైదానం మనిషి. మన కొండలకొచ్చి, మన కష్టం చూసి, ఇరవై ఆరేళ్ళకే ప్రాణం ఇచ్చారు. ఆయన్ని తక్కువ చేస్తే నా నోరు పడిపోతుంది. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో ఉంది. కానీ ఆయన పక్కన నిలబడ్డవాళ్ళు ఆయన నీడలు కాదు కదా.

1922 ఆగస్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది, తొందరగా చెప్పేస్తాను. 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు. రాజవొమ్మంగిలో లాకప్‌లో ఉన్న వీరయ్యదొరని విడిపించారు. పట్టుకెళ్ళిన ఆయుధాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి, రాజుగారు సంతకం పెట్టి మరీ వెళ్ళారు. రసీదు ఇచ్చి వెళ్ళిన బందిపోట్లని ఎక్కడైనా విన్నారా? సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కాపు కాసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల ఆఫీసర్లని చంపారు. ఆ తర్వాత సర్కారుకి భయం పట్టుకుంది. మలబారు నుంచి స్పెషల్ పోలీసులు, చివరికి అస్సాం రైఫిల్స్ కూడా వచ్చాయి. తలలకి వెలలు కట్టారు. రాజుగారి తలకి 10,000 రూపాయలు, గంటం దొరకి, మల్లుదొరకి వెయ్యేసి.

ఆ రోజుల్లో వెయ్యి రూపాయలంటే మన ఊళ్ళల్లో ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. ఒక పక్క ఆ డబ్బు ఆశ. ఇంకో పక్క ఊళ్ళ మీద పోలీసుల దాడి. తిరుగుబాటు చేసినవాళ్ళకి గింజ అందకూడదని ఊళ్ళని కట్టడి చేశారు. అన్నం పెట్టినా తప్పే, పెట్టకపోయినా బతకలేరు.

ఇలాంటప్పుడు, 1923 సెప్టెంబరులో, నడింపాలెంలో మల్లుదొర దొరికిపోయాడు.

ఈ పట్టుబడడం గురించి పుస్తకాల్లో ఎలా ఉంటుందంటే, మల్లుదొరకి తాగుడు ఉంది, ఆడవాళ్ళ బలహీనత ఉంది, అందుకే రాజుగారు దళం నుంచి వెళ్ళిపొమ్మన్నారు, అతను తనకి కావలసిన ఒక ఆవిడ ఇంటికి వెళ్ళి అక్కడ దొరికిపోయాడు అని. దాదాపు అందరూ ఇదే రాస్తారు. మొదటిసారి చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఇదా మా వీరుడి కథ అనిపించింది. పుస్తకం మూసేశాను.

మళ్ళీ తెరిచింది ఎందుకంటే, ఒక సంగతి గుర్తొచ్చింది. మా హాస్టల్లో మన పిల్లలెవరైనా ఫెయిలైతే బయటివాళ్ళు అనే మొదటి మాట "ఇంటి దగ్గర తాగుడు ఉంటుంది కదా, చదువెలా వస్తుంది" అని. ఆ మాట నేను చెవులారా విన్నాను. మనవాడు ఓడిపోతే కారణం అతని లోపలే వెతుకుతారు. మల్లుదొరకి ఆ లోపాలు ఉండొచ్చు, నేను కాదనను, దాచమని కూడా అనను. కానీ ఏడాదికి పైగా సర్కారు సైన్యానికి చిక్కకుండా కొండల్లో తిరిగిన మనిషి గురించి పది పేజీల్లో ఒక్క లైను ఉంటే, ఆ లైను ఇదే అయితే ఎలా? ఏడాది పాటు దొరకకపోవడానికి కారణం ఎవరూ రాయలేదు. దొరికిన రాత్రి కారణం మాత్రం అందరూ రాశారు.

ఆ ఇంటావిడ సంగతి కూడా. ఆమె పేరు ఎవరూ రాయలేదు. తలకి వెయ్యి రూపాయల వెల ఉన్న మనిషికి తలుపు తీసింది. ఆ తర్వాత పోలీసులు ఆమెని ఊరికే వదిలిపెట్టి ఉంటారా, మీరే చెప్పండి.

మల్లుదొర పోయాక 1924లో సర్కారు రూథర్‌ఫర్డ్‌ని స్పెషల్ కమిషనర్‌గా పంపింది. ఒత్తిడి ఇంకా పెరిగింది. మే మొదటి వారంలో అగ్గిరాజు పట్టుబడ్డాడు. మే 7న మంప దగ్గర రాజుగారు. కోర్టు లేదు, విచారణ లేదు, పారిపోబోతే కాల్చాం అని సర్కారు చెప్పింది. కాల్చింది మేజర్ గుడాల్. శవాన్ని కృష్ణదేవిపేట తీసుకెళ్ళారు, సమాధి అక్కడే ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. రాజుగారు పోయాక కూడా గంటం దొర లొంగలేదు. ఇంకో నెల కొండల్లోనే ఉండి జూన్‌లో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ నెల రోజుల గురించి సినిమాలో ఉండదు. సినిమా రాజుగారితోనే అయిపోతుంది.

మరి మల్లుదొర?

కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని యావజ్జీవం చేసి అండమాన్‌కి పంపారు. సముద్రం ఎప్పుడూ చూడని కొండమనిషిని ఓడెక్కించారు. (నేను విశాఖ వచ్చినప్పుడు మొదటిసారి సముద్రం చూసి వెనక్కి రెండడుగులేశాను. మా ఫ్రెండ్స్ ఇప్పటికీ ఏడిపిస్తారు.) మనవాళ్ళలో బోనంగి పండుపడాల్‌ని కూడా అండమాన్ పంపారు. పండుపడాల్ తిరిగి రాలేదు. మల్లుదొర ఏళ్ళ తరబడి జైలు చేసి తిరిగొచ్చాడు.

ఇక్కడితో కథ అయిపోతే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదేమో.

1952. స్వతంత్ర భారతదేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. అప్పట్లో కొన్ని లోక్‌సభ నియోజకవర్గాలకి ఇద్దరేసి సభ్యులుండేవాళ్ళు, విశాఖపట్నం అలాంటిదే. అక్కడి నుంచి ఇద్దరూ ఇండిపెండెంట్లే గెలిచారు. ఒకరు లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర.

చదివినప్పుడు నేను లైబ్రరీలో పైకే "అయ్య బాబోయ్" అనేశాను. లైబ్రేరియన్ మేడమ్ కళ్ళద్దాల మీంచి చూశారు. తలకి వెయ్యి రూపాయలు కట్టిన మనిషి. ఉరిశిక్ష పడిన మనిషి. అండమాన్ తిరిగొచ్చి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. పార్టీ లేదు, ఇండిపెండెంట్‌గా. ఇంకో విచిత్రం చూడండి, ఆయన సభలో కూర్చున్న రోజు కూడా దేశంలో నడుస్తున్నది బ్రిటిష్ వాళ్ళు 1860లో రాసిన శిక్షాస్మృతే.

బందిపోటు, పితూరీదారు, అనుచరుడు, ఖైదీ, గౌరవ పార్లమెంటు సభ్యుడు. ఒకే మనిషి. నాకు క్లాసులో గుర్తు రాని పేరు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. మా నాన్నకి ఇష్టం లేదు. మా మామ్మ మాత్రం, "జరిగింది జరిగినట్టు రాయే, మనం రాసుకోకపోతే ఆళ్ళకి నచ్చినట్టు ఆళ్ళు రాసుకుంటారు" అంది.

మా వంశంలో ఒకాయన అప్పట్లో పోలీసులకి దారి చూపించాడట. ఎవరిని పట్టుకోవడానికి, ఏ ఊరికి, అవేవీ మామ్మకి తెలీవు. ఆయన పేరు కూడా మా ఇంట్లో పలకరు. పండక్కి పెద్దలకి పెట్టేటప్పుడు అందరి పేర్లూ వస్తాయి, ఆ పేరు రాదు. డబ్బుకి చూపించాడా అంటే, మామ్మ అంది, "డబ్బేటే, ఆడి కొడుకుని కట్టేసి ఎదురుగా కొడతా ఉంటే చూపించక ఏం చేస్తాడు" అని. నిజంగా అలాగే జరిగిందో, మా వాళ్ళు పరువు కోసం అలా చెప్పుకుంటున్నారో, నేను తేల్చలేను. రెండూ జరిగిన కాలమే అది.

ఆ బోర్డు మీద "పట్టుబడ్డారు" అని ఉంది. ఆ మాటలో పట్టుకున్నవాడు కనిపించడు. దారి చూపించినవాడు కనిపించడు. ముందే పట్టుబడ్డవాడు, తర్వాత చనిపోయినవాడు, తలుపు తీసినావిడ, ఎవ్వరూ కనిపించరు. మన ఊళ్ళన్నీ అటో ఇటో చీలిపోయిన రెండేళ్ళు అవి. మన జిల్లాకి 2022లో రాజుగారి పేరు పెట్టారు, సంతోషం. కానీ జిల్లా పేరులో ఒక్క పేరే పడుతుంది. రోడ్డు పక్కన బోర్డులో అలా కాదు, చోటు ఉంది, ఇంకో రెండు లైన్లు రాయొచ్చు.

కొందరు అన్నలు అడుగుతారు, ఇంత చిన్న విషయానికి ఇంత రాయాలా, ముందు హాస్టల్లో బాత్రూములు, స్కాలర్‌షిప్పులు చూసుకుందాం అని. నిజమే. నాకు కూడా ఈ ఏడాది స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. కానీ ఆ రోజు క్లాసులో నవ్వింది నా బాత్రూము చూసి కాదు. నాకు మా పేరు తెలీదని నవ్వారు.

తర్వాత ఏం చేశానంటే, సెమినార్‌కి టాపిక్ ఇచ్చినప్పుడు మల్లుదొర పేరు ఇచ్చాను. పది నిమిషాలు మాట్లాడాను. చేతులు వణికాయి, మధ్యలో ఒకసారి 1923 అనబోయి 1932 అన్నాను. అయిపోయాక సార్ ఏమీ అనలేదు, నోట్‌బుక్ తీసుకుని ఒక లైను రాసుకున్నారు. వెనక బెంచీ అమ్మాయి ఒకతి వచ్చి, "నిజంగా ఎంపీ అయ్యాడా?" అని అడిగింది. అయ్యాడని చెప్పాను.

మీ దగ్గర నాకు కావలసింది ఒకటుంది. నడింపాలెం వైపు వాళ్ళు, కొయ్యూరు, రాజవొమ్మంగి వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మీ ఊళ్ళో బాగా పెద్ద వయసు వాళ్ళని అడగండి. మల్లుదొర దొరికిన ఇల్లు ఎక్కడుండేది, ఆ స్థలంలో ఇప్పుడేముంది, ఆ ఇంటావిడ పేరేంటి. మంచిగా చెప్పినా, చెడ్డగా చెప్పినా, చెప్పింది చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ళ భాషలోనే, మార్చకుండా. మా మామ్మకి ఎనభై దాటింది, నేను ఆమెది మొదలుపెట్టాను. ఇప్పటికి నలభై నిమిషాలు అయింది. ఆ ఒక్క పేరు మాత్రం ఇంకా చెప్పలేదు.